ఆదివారం గుట్ట, సోమవారం బోర్డు

సోమవారం పొద్దున ఏడున్నరకు భర్త పంచె ఉతకబోయి వెంకటలక్ష్మి ఆగిపోయింది.

పంచె నిండా ఉత్తరేణి గింజలు. అంచు పొడవునా, మోకాలి ఎత్తు దాకా కరుచుకుని ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటీ పీకి అరచేతిలో పోసుకుంది. సంగారెడ్డి బజారులో ఉత్తరేణి మొలవదు. ఎముకలకు కట్టు కట్టే వైద్యుడి అరుగు మీదా మొలవదు. మరి ఈయన పన్నెండు ఆదివారాలుగా తైలం మర్దన అంటూ వెళుతున్నది ఎక్కడికి?

సూర్యప్రకాశరావు ఫ్యాక్టరీలో రిగ్గర్. టన్నుల బరువున్న యంత్రాలకు ఇనుపతాళ్ళు కట్టి, క్రేనుతో లేపించి, ఎత్తు మీద నిలబడి చోటు చూసి దింపించే పని. మొన్న జనవరిలో పద్దెనిమిది అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. నాలుగు నెలలు పిండికట్టు, ఆ తర్వాత చేతికర్ర. వచ్చే సోమవారం మెడికల్ బోర్డు.

బోర్డు 'అన్‌ఫిట్' అని రాస్తే ఆయన స్థానంలో కొడుకు త్రినాథరావుకు ఉద్యోగం వస్తుంది. 'ఫిట్' అని రాస్తే తండ్రి డ్యూటీకి వెళతాడు, కొడుకు మళ్ళీ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి వరసలో నిలబడతాడు. ఇదేమీ రహస్యం కాదు. క్వార్టర్స్ వెనక లైన్లో ఇద్దరు తండ్రులు ఇలాగే ఇళ్ళల్లో కూర్చున్నారు. వాళ్ళ కొడుకులు సైకిళ్ళెక్కి షిఫ్టుకు పోతున్నారు.

అందుకే వెంకటలక్ష్మి తన వంతు పని శ్రద్ధగా చేసింది. కొళాయి దగ్గర నిట్టూర్చింది. "స్నానానికి వెళ్ళాలన్నా నా భుజం పట్టుకోవాల్సిందే వదినా" అని నలుగురికీ చెప్పింది. చెప్పగా చెప్పగా ఆమెకే అది నిజమనిపించసాగింది.

"ఏమండీ!"

సూర్యప్రకాశరావు పేపరు మీదనుంచి తల ఎత్తాడు.

"నిన్న ఎక్కడికి వెళ్ళారు?"

"చెప్పానుగా. సంగారెడ్డి. మర్దనకి."

"మర్దన ఎక్కడ చేశాడు, గడ్డివాములోనా?" ఆమె అరచెయ్యి తెరిచి చూపించింది.

ఆయన గింజల వైపు చూశాడు. ఇంకో అబద్ధం చెప్పడానికి చాలినంత సమయం ఉంది. చెప్పలేదు.

"గుట్టెక్కాను. కొండాపూర్ అవతల ఎర్రగుట్ట. పన్నెండు వారాలుగా ఎక్కుతున్నాను."

వరండాలో గడ్డం గీసుకుంటున్న త్రినాథరావు సగం చెంప నురుగుతోనే లోపలికి వచ్చాడు. "పైదాకానా, నాన్నా?"

"మొదటి ఆదివారం ముప్పై అడుగులు వేసి కూలబడ్డాను. నిన్న పైదాకా. నలభై నిమిషాలు పట్టింది."

"మరి ఇంట్లో కుంటుతున్నారేం?" అంది వెంకటలక్ష్మి.

"మీరు కుంటమన్నారుగా!"

ఆ సాయంత్రం యూనియన్ నాయకుడు రామలింగేశ్వరరావు వచ్చాడు. తలుపు తోసుకుని వచ్చాడు, కుర్చీ తనే లాక్కున్నాడు.

"ప్రకాశరావూ, నా కొంప ముంచావు కదయ్యా! మన గేటు వాచ్‌మన్ లింగం లేడూ, వాడి అత్తగారిది కొండాపూర్ పక్కనే. నిన్న నిన్ను చూశాడు. క్యాంటీన్లో ఏమన్నాడో తెలుసా? 'కుంటిసారు మేకపిల్ల లెక్క గుట్టెక్కుతుండు' అన్నాడు. పదిమంది పగలబడి నవ్వారు. వాడి నోరు మూయించేసరికి నా తాతలు దిగొచ్చారు."

"ఎందుకు మూయించావు? వాడన్నది నిజమేగా."

"నిజమా? నీ నిజం నీ కొడుక్కి అన్నం పెడుతుందా?" రామలింగేశ్వరరావు గొంతు తగ్గించాడు. "విను. ఈ వారం గడప దాటకు. సోమవారం మెట్ల దగ్గర ఇద్దరు మనుషులుంటారు, నిన్ను ఎత్తి పట్టుకుంటారు. డాక్టరు మోకాలు వంచితే గట్టిగా కేక పెట్టు. చెల్లెమ్మా, ఇంటావిడను కూడా అడుగుతారు. రాత్రిళ్ళు నొప్పికి ఏడుస్తారని చెప్పు. నువ్వూ కాస్త ఏడిస్తే ఇంకా మంచిది."

"ఏడుస్తాలే అన్నయ్యా" అంది వెంకటలక్ష్మి.

"నేను మాత్రం ఆదివారం గుట్టకు వెళతాను" అన్నాడు సూర్యప్రకాశరావు.

ముందు వెంకటలక్ష్మే లేచింది.

"మీ సరదా ముఖ్యమా, వాడి బతుకు ముఖ్యమా?"

"సరదానా!" ఆయనా లేచి నిలబడ్డాడు. కర్ర గోడకే ఉంది. "పద్దెనిమిదేళ్ళకు పాడేరు కొండల్లో సర్వేవాళ్ళ గొలుసు లాగాను. రోజుకు పన్నెండు మైళ్ళు, ఎక్కుడూ దిగుడూ. పెళ్ళయ్యాక, ఈ ఫ్యాక్టరీకి వచ్చాక, కొండ ముఖం చూడలేదు. కింద పడ్డాక ఏమయిందో తెలుసా? బల్బు మార్చడానికి స్టూలెక్కితే కాళ్ళు వణికాయి. నాకు, రిగ్గర్‌కి! ఆ వణుకు పోవాలని వెళ్ళాను. పన్నెండు వారాలకు పోయింది. ఇప్పుడు దాన్ని తెచ్చి మళ్ళీ కాళ్ళకు కట్టుకోమంటారా? యాభై ఒకటో ఏట ఎందుకూ పనికిరానని సంతకం పెట్టమంటారా? పెట్టను."

"అయితే నేనేం చెయ్యాలి నాన్నా?" త్రినాథరావు అడిగాడు. ఇరవై మూడేళ్ళవాడు. ఐ.టి.ఐ. పాసై మూడేళ్ళయింది.

"ఏదైనా చెయ్యి. నా విరిగిన కాలు మీద మాత్రం నిలబడకు."

త్రినాథరావు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఇంట్లో కంచాలు మాట్లాడాయి, మనుషులు మాట్లాడలేదు. ఆదివారం తెల్లారేసరికి వెంకటలక్ష్మి వీధి తలుపుకు తాళం వేసి, తాళంచెవి మంగళసూత్రానికి కట్టుకుంది. సూర్యప్రకాశరావు తాళం చూశాడు, ఆమె మెడ చూశాడు. పెరట్లోకి వెళ్ళాడు. పంచె ఎగగట్టి, అయిదడుగుల గోడ మీద రెండు చేతులూ ఆనించి, అవతలికి దూకాడు.

వంటింటి కిటికీలోంచి తల్లీ కొడుకూ చూస్తూ ఉండిపోయారు.

"వెళ్ళరా! ఎవరి కంటా పడకుండా పట్టుకురా!" అని ఆమె తాళం తీసింది.

త్రినాథరావు పటాన్‌చెరు బస్టాపు చేరేసరికి తండ్రి ఎక్కిన బస్సు కదిలిపోతోంది. తర్వాత బస్సులో సంగారెడ్డి, అక్కడినుంచి కొండాపూర్ వైపు ఇంకో బస్సు, ఆపైన మైలున్నర నడక. గుట్ట కింద గుడిసె ముందు పెంటయ్య అనే ముసలాయన మేకలకు ఆకు వేస్తున్నాడు. చూరులో సూర్యప్రకాశరావు చెప్పులు దోపి ఉన్నాయి.

"మా నాన్న వచ్చాడా?"

"సారు కొడుకువా? గప్పుడే కాన్వాసు బూట్లేస్కొని ఎక్కిండు. బూట్లు ఈడనే దాస్తడు, నీ అమ్మ సూస్తదని" అని నవ్వాడు పెంటయ్య. "పో, అందుతడు. ఏమో మరి, అందకపోను గూడ పోవచ్చు."

త్రినాథరావు కోపంతో ఎక్కాడు. నిటారుగా, ఎదురుగా కనిపించిన బండలన్నీ పాక్కుంటూ ఎక్కాడు. పావుగంటకు ఎటూ కదలలేని చోట ఇరుక్కున్నాడు. కింద చూస్తే కళ్ళు తిరిగాయి. పైన చేతికి అందని బండ, కింద కాలికి అందని రాయి.

"అట్ల సీదా పోతే సస్తవు బిడ్డా!" కిందనుంచి పెంటయ్య కేకేశాడు. "మేకల తొవ్వ పట్టు! అడ్డంగ పోవాలె, అడ్డంగ!"

ఆ కేక పైకీ వినిపించింది. బండ అంచున సూర్యప్రకాశరావు తల కనిపించింది. కొడుకును చూసి ఆయన బోర్లా పడుకుని చెయ్యి చాచాడు.

"కుడికాలు ఆ పగులులో పెట్టు. కిందికి చూడకు. నా మణికట్టు పట్టుకో, వేళ్ళు కాదు."

ఒక్క లాగుడు. ఆరు నెలలుగా కర్ర పట్టుకుని నడుస్తున్న మనిషి ఇరవై మూడేళ్ళ కొడుకును బియ్యం బస్తాలా పైకి లాగేశాడు.

ఇద్దరూ కలిసి మేకల దారిలో, ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిరుగుతూ శిఖరం దాకా వెళ్ళారు. పైన గాలి బలంగా వీస్తోంది. కింద జొన్నచేలు, తూర్పున దూరంగా పొగగొట్టాలు.

త్రినాథరావు బండకు ఆనుకుని కూర్చున్నాడు. మాటలు వాటంతటవే వచ్చాయి.

"నాన్నా, పొద్దున్నే నువ్వు లేచే చప్పుడు వింటూ పడుకునేవాణ్ణి. కర్ర గట్టిగా టకటకమంటే నాకు హాయిగా ఉండేది. చప్పుడు తగ్గితే భయం వేసేది. ఇవాళ నువ్వు గోడ దూకినప్పుడు..." తల పక్కకు తిప్పుకున్నాడు. "ఒక్క క్షణం, ఆ కాలు మళ్ళీ విరగాలని కోరుకున్నాను."

సూర్యప్రకాశరావు చేలవైపే చూస్తూ నీళ్ళ సీసా మూత తీసి కొడుకు చేతికిచ్చాడు.

"విరగలేదుగా. నీళ్ళు తాగు."

దిగేటప్పుడు తండ్రి ముందు నడుస్తూ చెప్పాడు: "మోకాలు పోయేది దిగేటప్పుడే. పక్కకు తిరుగు. చిన్న అడుగులు. తొందరేం లేదు, బస్సు మూడింటికి."

ఇంటికి రాగానే వెంకటలక్ష్మి గుమ్మంలోనే అడిగింది. "ఎవరైనా చూశారా?"

"చూడలేదు" అన్నాడు త్రినాథరావు. నిలబడిన చోటే, గుట్ట మీద తండ్రికి చెప్పినదంతా తల్లికీ చెప్పాడు. కర్ర చప్పుడు, హాయి, గోడ, కోరిక.

ఆమె తలుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. వీడికి ఈ కోరిక ఎక్కడిది? ఎవరు నేర్పారు? సమాధానం ఆమెకు తెలుసు. పది నెలలుగా కొళాయి దగ్గర తన గొంతే ఆ మాట చెబుతూ వచ్చింది. ఆ సాయంత్రం ఆమె పొయ్యి వెలిగించలేదు.

సోమవారం పదింటికి ఆసుపత్రి మెట్ల దగ్గర రామలింగేశ్వరరావు ఇద్దరు మనుషులతో సిద్ధంగా ఉన్నాడు. సూర్యప్రకాశరావు ఖాళీ చేతులతో వచ్చాడు. పట్టుకోవడానికి ముందుకు వచ్చిన ఇద్దరినీ తప్పించుకుని, రెండేసి మెట్ల చొప్పున ఎక్కిపోయాడు.

లోపల ముగ్గురు డాక్టర్లు. వెనకే వెంకటలక్ష్మి, త్రినాథరావు కూడా వచ్చి నిలబడ్డారు. పెద్ద డాక్టరు మోకాలు వంచాడు, సాచాడు, తట్టాడు. ఫైలు చూసి కనుబొమలు ముడిచాడు.

"మోకాలు బాగానే ఉంది. కానీ ఈయన పని ఎత్తు మీద. ఫైల్లో చూస్తే మనిషి లేవలేడని ఉంది. పని మీద మమకారంతో నొప్పి దాచేవాళ్ళను చాలామందిని చూశాను. పొరపాటున పైకి పంపిస్తే ప్రాణం పోతుంది." వెంకటలక్ష్మి వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. ఇంట్లో ఎలా ఉంటాడు?"

గుమ్మం దగ్గర రామలింగేశ్వరరావు దగ్గాడు.

"ఇంట్లో కుంటుతారు" అంది ఆమె.

సూర్యప్రకాశరావు కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు కలం అందుకున్నాడు.

"నేను కుంటమన్నాను కాబట్టి కుంటుతారు. నిన్న తలుపుకు తాళం వేస్తే గోడ దూకి వెళ్ళి, గుట్టెక్కి దిగి వచ్చారు. కావాలంటే వీణ్ణి అడగండి, పైకి లాగింది ఆయనే. లేవలేరని ఊరంతా చెప్పిందాన్ని నేను. తప్పు రాయాలంటే నా పేరు రాసుకోండి. ఆయన కాగితం మీద మాత్రం ఉన్నది రాయండి."

పెద్ద డాక్టరు ఆమెనీ, త్రినాథరావునీ మార్చి మార్చి చూశాడు.

"నిజమేనా బాబూ?"

"నిజమేనండి. నేనే అందుకోలేకపోయాను."

కలం కదిలింది. ఫిట్.

బయట వరండాలో రామలింగేశ్వరరావు నిప్పులు కక్కాడు. "కన్నకొడుకు నోట్లో మట్టి కొట్టావు కదమ్మా!"

"మట్టి కాదన్నయ్యా" అంది వెంకటలక్ష్మి. "నేనే పోసిన విషం నేనే కక్కించాను. ఇక మా ఇంటికి సలహాలతో రాకు. భోజనానికైతే రా."

"నేను రేపు ఇంద్రేశం వైపు వెళతాను నాన్నా" అన్నాడు త్రినాథరావు. "కొత్త షెడ్డు లేస్తోందట. రోజుకూలికైనా ఫిట్టర్లు కావాలంటున్నారు."

"రోజుకూలే?" రామలింగేశ్వరరావు వెటకారంగా నవ్వాడు.

"రోజుకూలే మామయ్యా. నా కూలి."

ముగ్గురూ క్వార్టర్స్ దారి పట్టారు. సూర్యప్రకాశరావు ముందు నడుస్తున్నాడు. ఎండలో, రోడ్డు వారన, పెద్ద పెద్ద అంగలు వేస్తూ. నాలుగు ఫర్లాంగుల రోడ్డులో రెండో ఫర్లాంగుకే ఆమె వెనకబడింది.

"ఏమండీ! కాస్త మెల్లిగా నడవండి! అందుకోలేకపోతున్నాను!"

ఆ మాట అన్నాక గానీ ఆమెకు వినిపించలేదు. కాలు విరగకముందు ఎప్పుడూ అనే మాట, పది నెలల తర్వాత మళ్ళీ అంది. ఈ మనిషితో ఆ మాట మళ్ళీ ఎన్నటికీ అనే పని లేకుండా చెయ్యబోయినవి తన అబద్ధాలే. నడిరోడ్డు మీద నిలబడిపోయి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్నీళ్ళు ఆగలేదు.

ఆయన వెనుదిరిగి చూశాడు. "ఏమయింది? రాయి తగిలిందా? ఆగనా?"

"ఆగితే ఊరుకోను!" ఆమె కళ్ళు తుడుచుకుని చెంగు నడుములో దోపింది. "మీరు నడవండి. నేనే వస్తాను."

ఆయన నడిచాడు. ఆమె అడుగు పెద్దది చేసింది.