ఉప్పు లేని కంచం

అది 1994. కందికోతలు అయిపోయి, మేకల్నీ గొర్రెల్నీ కట్లు విప్పి ఊరిమీద వదిలేసే ఎండాకాలం. కరీబియన్‌లో మా కారియకూ దీవి, అందులో సముద్రంలోకి పొడుచుకుపోయిన ఆ మొన అప్పటికింకా మావాళ్ళదే.

దానికి మంచి పేరు లేదు. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. సగం కట్టి వదిలేసిన పడవ ఒకటి అక్కడ పక్కటెముకలు పైకి లేపుకుని పడి ఉండేది. దాన్ని కట్టిన ఎథెల్‌బర్ట్ మామ అది నీళ్ళు తాకకముందే పోయాడు. మేకని కోసి, ఆ నెత్తురు పడవమీద చల్లి, ఊరంతా తాళ్ళు పట్టి సముద్రంలోకి లాగాల్సింది... ఆ ముచ్చట తీరలేదు. పడవ దిగకపోతే కట్టినవాడు ఎక్కడికి పోతాడు?

రాత్రుళ్ళు సుత్తి చప్పుడు వినిపించేది. తక్... తక్... ఆగి, మళ్ళీ తక్.

నేనూ విన్నాను. వినలేదని ఎవడన్నా అంటే వాడు మా ఊరివాడు కాదు.

మొన పక్కనే రిసార్టు వెలిసింది. తాటాకు కాటేజీలు, తెల్ల గొడుగులు... అది చాలక వాళ్ళకి మొన కూడా కావాలి. మేనేజరు ఉర్సెల్డా అత్త గుమ్మం వదిలేవాడు కాదు. ఆవిడ మామ పెళ్ళాం, మొన ఆవిడ పేరునే ఉంది.

"అది నాది కాదు నాయనా, మా ఆయనది. ఆయన్నడిగి చెప్తా," అంది అత్త.

"ఆయన పోయాడటగా?"

"పోతే? అడక్కూడదా?"

మాకు అడిగే పద్ధతి ఒకటుంది. పోయినవాళ్ళకి కంచం పెడతాం. ఉండ కట్టిన మొక్కజొన్న సంకటి, మేకమాంసం, కందిపప్పు, పక్కన రమ్ము. దేంట్లోనూ ఉప్పు పడకూడదు. పోయినవాళ్ళు ఉప్పు ముట్టరు. కొవ్వొత్తి వెలిగించి, దూరంగా వచ్చి, వెనక్కి తిరిగి కూర్చోవాలి. తెల్లారేదాకా అటు చూడకూడదు. పొద్దున కంచంలో వేళ్ళ జాడ ఉంటే — సరే అన్నట్టు. ముట్టకపోతే — వద్దన్నట్టు.

"మేకలు తింటాయి అత్తా," అన్నాను. "ఊరంతా అవే తిరుగుతున్నాయి."

"పడవ పైన పలకలమీద పెడతా. నిచ్చెన ఎక్కే మేకని ఎక్కడన్నా చూశావురా మొండోడా?"

"అసలు అడగడం ఎందుకు? అమ్మనని చెప్పెయ్. తుఫానొస్తే పడవలు లాక్కోడానికి మనకి ఆ ఒడ్డు ఒక్కటే..."

"నాకు చెప్తున్నావా?" గొంతు తగ్గించింది. "మీ మామ ముట్టడులేరా. ఆ పడవ వదిలి ఆయన పోడు. పొద్దున్నే ఆ నిండు కంచం పట్టుకెళ్ళి మేనేజరుకి చూపిస్తా. ఇంక నా గుమ్మం తొక్కడు."

ఆ రాత్రి జరిగింది తెల్లారాక ఆవిడ నోటనే విన్నాను.

చంద్రుడు లేడు. కంచం పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, పొదల ఇవతల ఇసకలో కూర్చుంది. గాలి, సముద్రం — ఇంకేం లేదు.

తర్వాత... తక్.

తక్... తక్...

'ఉన్నాడు' అనుకుంది. ఆవిడకి భయం వెయ్యలేదట. ధైర్యం వచ్చిందట.

అంతలో నిచ్చెన కిర్రుమంది.

ఎవరో ఎక్కుతున్నారు. ఒక్కరు కాదు... గాలిలో గుసగుస. అందులో ఆడగొంతు.

"మా అత్తగారిని కూడా తీసుకొచ్చాడనుకున్నాన్రా," అంది నాతో.

సుత్తి చప్పుడు ఎక్కువైంది. తక్ తక్ తక్ — ఎన్నడూ లేనంత గట్టిగా, పిచ్చెక్కినట్టు. ఆవిడ మెడ నరాలు లాగేస్తున్నాయి. తిరగలేదు. పళ్ళు బిగించి కూర్చుంది.

టక్కున ఆగిపోయింది.

పొద్దున చూస్తే కంచంలో వేళ్ళ గీతలు. ఎముకలు నున్నగా ఉన్నాయి. రమ్ము చుక్క లేదు.

"తిన్నాడ్రా," అంది. ఆ మొహం చూడలేకపోయాను.

"ఒక్క వారం ఆగు అత్తా."

"అడిగింది నేను. జవాబొచ్చాక కాదంటానా? ఆయనకి నా మీద నమ్మకం పోదూ!"

ఆ మధ్యాహ్నమే కాయితం మీద వేలిముద్ర వేసేసింది.

రిసార్టు నుంచి వెళ్ళిపోయేవాళ్ళని రేవుకి చేరవేసేది నా పడవే. తర్వాత కొద్దిరోజులకి ఒక కొత్త జంటని ఎక్కించుకున్నాను. మగాయన భారీ మనిషి.

"మీవాళ్ళ మర్యాదే మర్యాద అన్నా," అన్నాడు.

"ఏం చేశారేంటి?"

"రిసార్టు భోజనం చూశావుగా? పళ్ళెం ఇంత, అందులో రొయ్యలు మూడు! కడుపు మాడి రాత్రి ఒడ్డున నడుస్తుంటే, ఆ పాత పడవలో దీపం. ఎక్కి చూస్తే భోజనం, రమ్ము! కొత్త జంటని చెప్పకుండా మురిపించడానికి పెట్టారు కాబోలు. చేత్తోనే తినేశాం."

తెడ్డు నా చేతిలో ఆగిపోయింది.

"ఒక్కటే లోటు," అన్నాడు. "దేంట్లోనూ ఉప్పు వెయ్యలేదు."

ఒళ్ళు మండిపోయింది. దెయ్యం లేదు, గియ్యం లేదు. రెండు ఆకలి కడుపులు... దానికి మొన పోయింది!

"ఆ ముసలాయనే పాపం..." అంది ఆ అమ్మాయి.

"ఏ ముసలాయన?"

"కింద సుత్తి కొడుతూ ఉన్నాడుగా. మీరూ రండి, తినండి అని పిలిచాం. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మళ్ళీ ఊపాడు. చేతులు కూడా అడ్డంగా చాపాడు... మొహమాటం అనుకున్నాం."

వాళ్ళని రేవులో దింపి, నేరుగా అత్త ఇంటికి పోయాను.

విన్నదంతా చెప్పాను.

"తల అడ్డంగా ఊపాడా?"

"ఊపాడట."

"నేను ఒక్కసారి తిరిగి చూసుంటే..." అంది.

మేనేజరు దగ్గరికి పోయి అరిచాను. రాసిచ్చింది రాసిచ్చిందే అన్నాడు. దెయ్యం వద్దందని ఏ కోర్టులో చెప్పుకుంటావు, పో, అన్నాడు.

మొన చుట్టూ కంచె వేశారు. ఆ పడవని కోసి వాళ్ళ బారులో బల్ల చేయించారు. తర్వాత వచ్చిన తుఫానుకి, లాక్కునే ఒడ్డు లేక మా ఊరి పడవలన్నీ పోయాయి. అందులో నాదొకటి.