ఆరో మెట్టుకు ముందు

మూడో పఠనం మొదలవగానే వార్డులోని ముప్పై ఎనిమిది మంచాలూ ఒకేసారి ఎడమకు వంగాయి. గోడలో ఒక్కో మంచానికీ ఒక్కటిగా ఉన్న వేదనాపటం తెరకు ఎదురుగా మెడ తిప్పి, రోగులంతా ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. రోజుకు ఆరుసార్లు ఇదే వరస. పటం నొప్పిని చదివి మందు మోతాదు ఎన్నో మెట్టులో ఉండాలో నిర్ణయిస్తుంది. నర్సు హైమ ‘అంగీకారం’ మీట నొక్కుతుంది. ఆరేళ్లలో ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు.

పదకొండో మంచం పటం ఎర్రబడింది. ‘కుడి భుజం. మూలం: ఊపిరితిత్తి కణితి. ప్రతిపాదన: ఆరో మెట్టు.’

ఆ మంచం మీద తాతారావు. రావులపాలెం సెంటర్లో యాభై ఏళ్లు సెలూన్ నడిపిన మనిషి.

“ఆరో మెట్టంటే రెండ్రోజులు నిద్రే కదమ్మా?”

“అవును బాబాయ్. నొప్పి మాత్రం తెలీదు.”

“రేపు తొమ్మిదింటికి మనవణ్ణి ఇక్కడికే తెస్తున్నారు, పుట్టువెంట్రుకలకి. వాడి తల మీద ఇంకొకడి కత్తి పడిందంటే నేను చచ్చినా ఊరుకోను!”

నవ్వుతూనే కుడిచెయ్యి ఎత్తబోయాడు. అది ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. నవ్వు కూడా అక్కడే ఆగింది.

హైమ వేలు అంగీకారం మీదే ఉంది. “నొప్పి ఎక్కణ్ణుంచి మొదలవుతోంది బాబాయ్?” అని అడిగేసింది. ఆ ప్రశ్న ఆమె ఎవరినీ అడిగి ఎరగదు. అది పటం పని.

“చెయ్యేసి చూడు. కణితుల సంగతి నాకు తెలీదు గానీ, మెడలు నాకు తెలుసు. మిషను కుట్టే దర్జీలకి అచ్చం ఇలాగే కండ పట్టేసేది. ఈ గోడకేసి తిరిగి పడుకోవడం మొదలెట్టాకే నాకిది వచ్చింది.”

ఆమె నిన్నటి ఎముకల చిత్రం తెరిచి చూసింది. భుజంలోకి జబ్బు పాకలేదు. అప్పుడు బొటనవేలు పెట్టింది. మెడకూ భుజానికీ మధ్య చింతగింజంత ముడి తగిలింది. నొక్కగానే తాతారావు ఎగిరిపడ్డాడు.

“అమ్మో! అదే, అదే! మోచేతి దాకా లాగేసింది! నలపకమ్మా, పట్టి ఉంచు. నేను చెప్పేదాకా వదలకు. ఆ గోరొకటి, కత్తికంటే పదునుగా ఉంది!”

వేడి తువ్వాలు, మళ్లీ బొటనవేలు, మళ్లీ తువ్వాలు. అరగంటకు ముడి మెత్తబడింది. కణితి ఎక్కడికీ పోలేదు, దానికి నాలుగో మెట్టు మందు నడుస్తూనే ఉంది. ఈ నొప్పి మాత్రం దానిది కాదు. ఇన్నాళ్లూ ఎంతమందిని ఊరికే నిద్రపుచ్చానో అనుకునేసరికి హైమకు తన మీద తనకే కోపం వచ్చింది. నిరాకరణ నొక్కింది.

‘మూలం?’ అని పటం అడిగింది. జాబితాలో ఉన్నవన్నీ కణితులే. అన్నిటికంటే అడుగున ఉన్న ‘ఇతరం’ తెరిచి, ‘కండరం. కారణం: పఠన భంగిమ’ అని రాసింది.

‘కొలిచిన పరికరం?’

‘బొటనవేలు.’

పటం తెల్లబోయింది. ఆ భంగిమ వార్డులో అందరిదీ ఒకటే. క్షణం తర్వాత వార్డంతా మంచాలు ఒక్కొక్కటే వెల్లకిలా తిరిగాయి. ముప్పై ఏడు తెరల మీద ఒకే మాట వెలిగింది: ‘చేతితో చూడవలెను.’

పై అంతస్తు పర్యవేక్షణ గదిలోంచి డాక్టర్ దమయంతి గొంతు మైకులో వినిపించింది. “ఏం చేశావు హైమా? అన్ని మెట్లూ ఆగిపోయాయి!”

“పాత మందులు నడుస్తున్నాయి మేడమ్. పెంచడమే ఆగింది. మీరు కూడా కిందికి రండి, చేతులు చాలవు.”

ఆమె పన్నెండో మంచం వైపు అడుగేసింది. వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు. తాతారావు కుడిచెయ్యి, భుజం ఎత్తు దాకా లేచి ఉంది. ఎడమచేతిలో దిండు కింది నుంచి తీసిన గోళ్లకత్తెర.

“ముప్పై ఏడు మెడలు నొక్కాలి కదా. ముందు ఆ గోరు ఇలా తే.”