ఎర్ర దారం ఎక్కించిన రోజు

"మూడు రోజుల కిందట రావాల్సిన మనిషి మీరేనా?"

తలుపు తీస్తూనే ఓర్షీ అడిగిన మాట అది. గుమ్మంలో నిలబడ్డ యువకుడి జుట్టులోంచి వాన నీళ్లు కారుతున్నాయి. చేతిలో పనిముట్ల పెట్టె ఉంది. అది చూసే అతను రిపేరు మనిషి అనుకుంది ఓర్షీ.

"మూడు రోజుల కిందట ఈ వీధి ఎక్కడుందో కూడా నాకు తెలీదండీ," అన్నాడతను.

"అడగొచ్చుగా. కలోచా ఊళ్లో యుస్తీనా అవ్వ ఇల్లు ఏదంటే కుక్కలైనా దారి చూపిస్తాయి."

"ఒకటి చూపించిందండీ. గేటు దాకా వెంటపడి మరీ చూపించింది."

ఓర్షీకి నవ్వు రాబోయింది. ఆపుకుంది. మిషను ఆగిపోయి ఉన్నప్పుడు నవ్వడమేమిటని తనను తానే కసురుకుని, పక్కకి తప్పుకుంది. "లోపలికి రండి. బూట్లు తుడుచుకోండి. అదిగో, కిటికీ పక్కన."

అతను రెండడుగులు వేసి ఆగిపోయాడు.

నల్లటి ఇనుప మిషను. మెడ మీద బంగారు రంగు తీగలు అరిగి అక్కడక్కడా మిగిలాయి. కింద తొక్కుడు పలక. ఓర్షీ అమ్మమ్మ యుస్తీనా పెళ్లైన ఏడాది అది ఇంటికొచ్చింది. ముందు ఆవిడ, తర్వాత ఓర్షీ అమ్మ, ఇప్పుడు ఓర్షీ దాని మీద కుట్టారు. ముగ్గురి మణికట్లూ ఆనీ ఆనీ చెక్క బల్ల అంచు ఒకచోట నునుపుగా గుంట పడింది. అతను ఆ గుంట మీద వేలు పెట్టి, గబుక్కున తీసేశాడు, అడక్కుండా ముట్టుకున్నట్టు.

"తొక్కండి," అన్నాడు.

ఓర్షీ తొక్కింది. అతను మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, బల్లకి చెవి ఆనించాడు.

"ఆరు కుట్లు బాగా పడుతున్నాయి. ఏడోది తప్పుతోంది. అడుగున దారం అందుకునే షటిల్ కొక్కెం అరిగింది."

"అది నాకూ తెలుసు. కొత్తది ఎక్కడ దొరుకుతుందో చెప్పండి."

"దొరకదండీ. తయారుచేయడం మానేసి ముప్పై ఏళ్లయింది."

"అంటే?"

అతను చొక్కా చేతులు మడుచుకుని మిషను విప్పడం మొదలుపెట్టాడు. ప్రతి భాగాన్నీ కిరసనాయిల్లో కడిగి, తుడిచి, గుడ్డ మీద వరసగా పెట్టాడు. "ఈ చక్రం చూడండి, ఎంత తూకంగా పోత పోశారో," అనుకున్నాడు ఒకసారి. "ఎవరండీ ఇంత శ్రద్ధగా నూనె వేసింది?" అన్నాడు ఇంకోసారి. ఓర్షీ తనే అని చెప్పలేదు కానీ, కాఫీ కలిపి తెచ్చింది. గసగసాల రొట్టె కూడా ఒక ముక్క పెట్టింది. పెద్ద ముక్కే.

రెండు గంటల తర్వాత ఎతెల్కా పిన్ని వచ్చింది. ఈ ఇంట్లో నడిచే కుట్టుపని దుకాణం ఆవిడదే.

"వచ్చేశారా బెనెదెక్ గారూ? కొత్త మిషను ఇంకా వ్యానులోంచి దించలేదేం?"

ఓర్షీ చేతిలో పళ్లెం ఆగిపోయింది. "కొత్త మిషనా?"

"కంప్యూటరు మిషనే. శనివారం దాకా మన దగ్గర ఉంచుతారు, నచ్చితే మనదే. ఈయన నేర్పిస్తారు."

ఓర్షీ అతని వైపు తిరిగింది. "మీరు రిపేరు మనిషి కాదా?"

"అవునని నేనెప్పుడన్నానండీ?"

"కాదని ఎప్పుడన్నారు? నా రొట్టె కూడా తిన్నారు."

"రొట్టె పెట్టేముందు మీరు ఉద్యోగం అడగలేదు కదండీ."

అతను పాత మిషనుని మళ్లీ బిగించి వెళ్లేదాకా ఓర్షీ అతనితో మాట్లాడలేదు.

పిన్ని లెక్క పిన్నికి ఉంది. పెంతెకొస్తు పండుగకి నాట్యబృందంలో పన్నెండుమంది అమ్మాయిలకి పువ్వులు కుట్టిన జాకెట్లు ఇస్తామని మాటిచ్చారు. ఏడు పూర్తయ్యాయి. ఐదు మిగిలాయి, పండుగకి ఇంకా పంతొమ్మిది రోజులే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నానికి పాత మిషను సరిగ్గా నడవకపోతే, దాన్ని బుడాపెస్టు హోటలు వాళ్లకి ఇచ్చేస్తానంది. అద్దాల కిటికీలో అలంకారంగా పెట్టుకుంటారట.

ఓర్షీ భయం మిషను గురించి మాత్రమే కాదు. కంప్యూటరు మిషనుకి పువ్వులు దాని కడుపులోనే ఉంటాయి. గుడ్డ మీద ఎవరూ గీయనక్కర్లేదు. యుస్తీనా అవ్వకి ఎనభై రెండేళ్లు. నీలిమందు కలిపిన నీళ్లలో కలం ముంచి, తెల్లగుడ్డ మీద పువ్వులు గీయడమే ఆవిడ జీవితం. ఆ కలం ఆగితే అమ్మమ్మ పొద్దున్నే ఎందుకు లేస్తుంది?

మర్నాటి నుంచి బెనెదెక్ రోజూ వచ్చాడు. కొత్త మిషను పని నిజంగా చూడముచ్చటగానే ఉంది. ఆరు సూదులు వాటంతటవే రంగులు మార్చుకుంటూ పరుగెత్తాయి. అవ్వ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఎంత తెలివైందో. పాపం, చేతులే లేవు," అంది.

తర్వాత తన గుడ్డ పరుచుకుని గీయడం మొదలుపెట్టింది. బెనెదెక్ మిషను వదిలేసి ఆవిడ వెనక నిలబడ్డాడు. కలం ఎక్కడా తడబడలేదు. గులాబీ విచ్చుకుంది, దాని పక్కన తులిప్, కింద మిరపకాయ, చుట్టూ ఆకులు.

"ముందు పెన్సిలుతో గుర్తు పెట్టుకోరా అవ్వగారూ?"

"గుర్తెందుకు నాయనా? పువ్వు ఎక్కడికి పోతుంది?"

"నిన్న గీసిన గులాబీ ఇలా లేదే?"

"నిన్నటిది నిన్నే వాడిపోయింది కదా."

బెనెదెక్ నవ్వాడు. అమ్మమ్మ చేతిని అతను చూస్తున్న తీరు ఓర్షీ ఓరగా గమనించింది. అమ్మేవాళ్లు అలా చూడరు.

ఓర్షీ తప్పు కుట్లతోనే పాత మిషను మీద ఎనిమిదో జాకెట్టు లాక్కొస్తోంది. గుడ్డ బిగించిన ఫ్రేమును రెండు చేతులతో సూది కింద తిప్పాలి. పువ్వుకీ పువ్వుకీ మధ్య గుడ్డ కత్తిరించేసి, ఆ ఖాళీలో దారంతో సన్నటి వంతెనలు కట్టాలి. ఏడో కుట్టు దగ్గర ఆపి, చేత్తో చక్రం తిప్పి సరిచేసుకోవాలి.

"మీ చేతులు ఎక్కడికెళ్లాలో మీకెలా తెలుస్తుందండీ?" అన్నాడు బెనెదెక్.

"మీకు అబద్ధాలు ఎలా వస్తాయో, నాకు ఇది అలాగే."

"నేను ఆడలేదండీ. చెప్పడం మర్చిపోయానంతే. మిషనుని చూసి."

"మిషనుని చూసా?"

"ముందు మిషనునే," అన్నాడతను, నేల చూపులు చూస్తూ. కిటికీ బయట వాన సన్నగా మొదలైంది. ఓర్షీ ఏడో కుట్టు దగ్గర ఆపడం మర్చిపోయింది. దారం తెగింది.

గురువారం అతను ఒక పొట్లం తెచ్చాడు. "మీ కోసం నేనే కుట్టానండీ. అంటే, కొత్త మిషను కుట్టింది. రంగులు మాత్రం నేను చూసి పెట్టాను."

తెల్లటి చేతిరుమాలు. మధ్యలో ఓర్షీ పేరు. చుట్టూ నీలం, ఊదా, ముదురాకుపచ్చ పువ్వులు.

ఎతెల్కా పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఓర్షీ ముఖంలో రక్తం లేకుండా పోయింది.

"బాగుంది," అంది. "నాకు ఎనభై ఏళ్లు వచ్చాక వాడుకుంటాను."

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది, గిన్నెలేమీ లేకపోయినా. అవతలి గది మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ఏం తప్పు చేశానవ్వగారూ?"

"మా ఊళ్లో ఎరుపు పెళ్లీడు పిల్లలది నాయనా. నీలం నాలాంటి వాళ్లది. ఆశలు మడిచి పెట్టెలో పెట్టేసుకున్న వాళ్లది."

"కానీ ఆవిడ రోజూ నీలం పువ్వుల ఏప్రనే కట్టుకుంటారు కదండీ. అదే ఇష్టమనుకున్నాను."

"అది నా ఏప్రను. నాలుగేళ్ల కిందట ఒకడు పెళ్లికి మాటిచ్చి, ఊరి చివర ఫలహారశాల వాళ్ల పిల్లని చేసుకున్నాడు. ఆ రోజు నా పెట్టె తెరిచి ఇది తీసి కట్టుకుంది. అప్పటికి ఇరవైమూడేళ్ల పిల్ల. ఊళ్లో ఒక్కరూ దాని ముందు ఆ మాట ఎత్తలేదు. నువ్వు గుడ్డ మీద కుట్టి, పేరు కూడా రాసి చేతికిచ్చావు."

ఓర్షీ కుళాయి కట్టేసి, నడుముకున్న ఏప్రను వంక చూసుకుంది. నాలుగేళ్లుగా అందరూ కళ్లు తిప్పుకుని వెళ్లిపోయారు. ఇతనొక్కడే తనని పరీక్షగా చూసి, చూసింది చూసినట్టు కుట్టాడు. కోపం వచ్చింది నిజమే. అది అతని మీద మాత్రం కాదు.

బయటికి వచ్చేసరికి అతను లేడు.

శుక్రవారం కూడా రాలేదు. పిన్ని కొత్త మిషనుకి అవ్వ గీసిన పువ్వు చూపించి ఒక ముక్క కుట్టించింది. గులాబీ కుడివైపు ఎంత ఉందో ఎడమవైపూ అంతే వచ్చింది, అచ్చు గుద్దినట్టు. పిన్ని దాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"వంకర ఒక్కటీ లేదు," అంది. తర్వాత చిన్నగా, "మా అమ్మ గీసినట్టూ లేదు."

శనివారం పదకొండు గంటలకి గేటు దగ్గర కుక్క మొరిగింది. బెనెదెక్ తడిసి ముద్దై లోపలికి వచ్చి, జేబులోంచి చిన్న గుడ్డమూట తీశాడు. అందులో మిలమిల మెరుస్తూ కొత్త షటిల్.

"మా ఊరు మిష్కోల్ట్స్ వెళ్లొచ్చాను. మా నాన్న నలభై ఏళ్లు లేతు మిషను మీద పని చేశాడు. మూడు పాడుచేసి, నాలుగోది చేతిలో పెట్టాడు. దుకాణంలో పడున్న అరిగిన పాత షటిల్ ఒకటి కొలతకి మీ పిన్నిగారే ఇచ్చారు."

ఓర్షీ పిన్ని వైపు చూసింది. పిన్ని దారపు ఉండలు సర్దుతున్నట్టు నటించింది. "ఇవ్వనంటే ఇక్కడే మోకాళ్ల మీద కూర్చునేలా ఉన్నాడు. గడువు మాత్రం మధ్యాహ్నమేనని చెప్పాను."

బెనెదెక్ షటిల్ బిగించాడు. చేత్తో చక్రం రెండుసార్లు తిప్పాడు. లేచి నిలబడి, "దారం ఎక్కించండి," అన్నాడు.

ఓర్షీ సొరుగు తెరిచింది. ఎర్ర దారం తీసింది.

"జాకెట్టులో ఇప్పుడు ఆకు కుట్టాలి కదే," అంది అవ్వ.

"జాకెట్టుకి కాదమ్మమ్మా."

నడుముకున్న నీలం ఏప్రను విప్పి మడిచి, అమ్మమ్మ ఒళ్లో పెట్టింది. గురువారం నాటి చేతిరుమాలును ఫ్రేములో బిగించింది. గీత లేదు, గుర్తు లేదు. తొక్కడం మొదలుపెట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది. ఏ కుట్టూ తప్పలేదు. మిషను పాత గొంతుతో హాయిగా పలికింది. నీలం పువ్వుల నడుమ, తన పేరు పక్కన, ఎర్ర గులాబీ రేకు రేకుగా విచ్చుకుంది. ఒక రేకు కాస్త వంకర. దాన్ని అలాగే ఉంచింది.

రుమాలు తీసి బెనెదెక్ చేతికిచ్చింది. "మీరు తప్పుగా రాశారు. దిద్దాను. చదువుకోండి."

అతను చదువుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఎతెల్కా పిన్ని ముక్కు తుడుచుకుని ఫోను తీసింది. "హోటలు వాళ్లకి చెప్పేస్తున్నా, కిటికీలో కుండీ పెట్టుకోమని. బాబూ, నీ ఆరుసూదుల దాన్ని పట్టుకుపో. మీ కంపెనీ వాళ్లు ఏమంటారో మరి."

"ఇంకో మనిషిని చూసుకుంటారండీ." అతను ఓర్షీ వైపు తిరిగాడు. "ఈ ఊళ్లో ఇలాంటి మిషన్లు ఎన్ని ఉంటాయి?"

"మా వీధిలోనే పద్నాలుగు. అన్నీ మూలుగుతున్నాయి. పిలిచిన రిపేరు మనిషి ఇంతవరకూ రాలేదు."

అవ్వ అప్పటికే ఆప్రికాట్ పళ్ల బ్రాందీ రెండు చిన్న గ్లాసుల్లో పోసింది. "ఎన్నాళ్లర్రా ఈ మీరూ, అండీ? చేతులు మెలేసుకుని తాగండి. తాగాక ఇక నువ్వనే పిలుచుకోవాలి, అదే మన పద్ధతి. ముందు ఆడపిల్లే ఆ మాట అనాలి. అనవే."

మోచేతులు ముడిపడ్డాయి. గ్లాసులు ఖాళీ అయ్యాయి. బ్రాందీ ఘాటుకి ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

"మొదటి రోజు నువ్వు రిపేరు మనిషివి కాదని ఎందుకు చెప్పలేదు?" అంది ఓర్షీ.

"చెబితే తలుపేసేదానివి."

"వేసేదాన్నే."

"ఇప్పుడు నిజంగానే రిపేరు మనిషిని అవుదామని వచ్చాను," అన్నాడు బెనెదెక్. "కొంచెం ఆలస్యమైంది, అంతే."

ఓర్షీ గసగసాల రొట్టె కోసింది. ఈసారి ఇంకా పెద్ద ముక్క.