బేరమాడని గొంతు

ఆ పొద్దున దోర్నాల దాటి ఫారెస్ట్ చెక్‌పోస్టు ముందు బైకు ఆపేటప్పటికి కరుణాకరం చేతిలో ఉన్నవి ఇవి: మార్కాపురం బజారులో తాత పెట్టిన గిన్నెల దుకాణం, ఇరవై ఎనిమిదేళ్ల వయసు, ఫోనులో ఒక అమ్మాయి ఫోటో, నోట్లో ఒక అబద్ధం.

అబద్ధం సంగతి ముందు చెప్పాలి. మర్నాడు అతనికి పెళ్ళిచూపులు. అమ్మాయి దోర్నాల సెంటర్లో హోటలు నడిపే బ్రహ్మానందం గారి కూతురు. నానమ్మ పేరు పెట్టారు, శ్రీశైలమ్మ అని. అడవి చూడటానికి వచ్చేవాళ్ళను వెంటబెట్టుకుని నడిపించే గైడు ఉద్యోగం ఆమెది. సరుకు దించుకునే ముందు చెప్పాపెట్టకుండా గోడౌనుకు పోయి చూసి రావడం కరుణాకరం ఇంట్లో మూడు తరాల అలవాటు. పెళ్ళిచూపుల్లో కాఫీ ట్రే పట్టుకుని తల దించుకున్న పిల్లను చూస్తే ఏం తెలుస్తుంది? అందుకే ఒక రోజు ముందు, ఇంట్లో కూడా చెప్పకుండా, మామూలు సందర్శకుడిలా వచ్చాడు.

బల్ల వెనక ఆకుపచ్చ జాకెట్టు తొడుక్కుని కూర్చున్న అమ్మాయి తలెత్తింది. ఫోటోలో కన్నా కళ్ళు పెద్దవి. ఫోటోలో కన్నా చూపు పదును.

"పేరు?"

"రామన్న."

"ఊరు, పని?"

"బేస్తవారిపేట. సేద్యం."

ఆమె అతని చేతుల వైపు చూసింది. మెత్తటి చేతులు.

"ఏం పంట వేసినారు?"

"కంది."

"ఎట్ల వచ్చింది?"

"బాగా వచ్చింది. మొన్ననే కోసినాం."

"కార్తీకంలోనే కోసినారా కందిని?"

కరుణాకరానికి చెవులు వేడెక్కాయి. "అంటే... పూత. పూత బాగా వచ్చింది అంటున్నా."

"ఓహో" అంది ఆమె. నవ్వలేదు గానీ, రిజిస్టరులో 'రామన్న' అని రాసేటప్పుడు పెదవి ఒక పక్కకు వంగింది.

ముందు నడిచేది లింగన్న. అడవిలోనే పుట్టి పెరిగిన మనిషి, అరవై దాటి ఉంటాయి. గేటు ఎత్తేముందు ఒక్కటే మాట చెప్పాడు.

"లోపల పేర్లు లేవు అబ్బయ్యా. ఎవురినీ పేరు పెట్టి పిలవద్దు. నిన్ను పేరు పెట్టి ఏదన్నా పిలిచినా పలకద్దు."

"పిలిచేదెవరు మామా? ఉన్నదే ముగ్గురం గదా."

"అందుకే చెప్తున్నా" అన్నాడు లింగన్న.

దారి ఏడు కిలోమీటర్లు, చుట్టూ తిరిగి మళ్ళీ గేటు దగ్గరికే వస్తుంది. రాత్రి పడిన వానకు మంచు దిగి, టేకు చెట్లు నడుముల దాకానే కనబడుతున్నాయి. పైన ఏముందో తెలియదు. ఆకుల మీంచి చుక్కలు రాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. పిట్ట కూడా కూయడం లేదు.

"ఇంత పొద్దున్నే వస్తే ఇంట్లో ఏమనరా మీకు?" అని మెల్లగా కదిపాడు కరుణాకరం.

"ఎందుకనరు? రేపు మార్కాపురం నుంచి ఎవురో వస్తున్నారంట నన్ను చూసుకోను. గిన్నెల దుకాణమంట. పెళ్ళయినాక ఇదంతా మానేసి కౌంటర్లో కూర్చోవాలంట."

"కౌంటరు అంత చెడ్డదా?"

"నేను కూర్చుని చూడలేదు. ఆయన ఇక్కడ నడిచి చూడలేదు."

"మంచోడేనేమో లెండి."

"పూత చూసి చెప్తే ఎట్ల? కాయ పట్టాల గదా."

కరుణాకరం దగ్గు తెచ్చుకున్నాడు. బేరంలో ఎదుటి మనిషి గట్టిదని అప్పుడే లెక్క వేసుకున్నాడు. పోతే ఊరికే పోదు ఈ పిల్ల. వచ్చినా ఊరికే రాదు. ఆ లెక్క అతనికి ఎందుకో సంతోషంగా ఉంది.

వాగు దగ్గర లింగన్న చెయ్యెత్తి ఆపాడు. బురదలో పళ్ళెమంత పులి అడుగు. దాని అంచుల్లోంచి నీళ్ళు ఇంకా ఊరుతూ ఉన్నాయి.

"పెద్దది" అన్నాడు గుసగుసగా. "ఇప్పుడే పోయింది."

ఎక్కడో కణుజు దుప్పి ఒకటి అరిచింది. రెండోసారి అరవబోయి సగంలో ఆపేసింది. ఆ సగం అరుపు మంచులో వేలాడుతున్నట్టే ఉంది.

అప్పుడు వినబడింది.

"కరుణాకరం!"

కుడి పక్కనుంచి, పది గజాల దూరంలో, దుకాణం మెట్ల మీద నిలబడి పిలిచినంత స్పష్టంగా. దుకాణంలో పెరిగినవాడికి పిలుపు వినబడితే నోరు తెరుచుకోవడానికి బుర్ర పని చేయనక్కర్లేదు. అన్నం తింటున్నా, నిద్రలో ఉన్నా, మెట్ల మీద మనిషి మాట వినబడితే ఒక్కటే జవాబు.

"ఆ... వస్తున్నా!"

ఇద్దరూ ఆగిపోయారు. లింగన్న మెల్లగా తిరిగాడు. "ఎవురికి పలికినావు?"

"ఇప్పుడే పిలిచినారు గదా?"

"ఎవురూ పిలవలేదు."

శ్రీశైలమ్మ ముఖంలో రంగు లేదు. "ఏమని పిలిచింది?"

కరుణాకరం కాళ్ళు చూసుకున్నాడు. "కరుణాకరం అని."

"అదెవరు?"

"నేనే."

"మరి రామన్న?"

"సేద్యం చేసేవాడు." నవ్విద్దామనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"పలికినోడి చెయ్యి ఒకరు పట్టుకోవాల" అన్నాడు లింగన్న. "ఎదురుగా ఉన్న గట్టు దాటే దాకా వదలకూడదు. పలికినోడు వెనక్కీ పక్కకీ చూడకూడదు. నేను దారి చూడాల. పాపా, నువ్వు పట్టుకో."

"వదిలితే ఏమవుతుంది మామా?"

లింగన్న గట్టు వైపు నడక మొదలుపెట్టాడు.

దారి ఒంటి మనిషి దారి. ముందు లింగన్న, మధ్యలో కరుణాకరం, వెనక ఆమె. వెనక్కి చాచిన అతని చేతిని ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది, గట్టిగా ఉంది.

"దొంగ పేరు చెప్పి వస్తావా?" వెనకనుంచి తిట్టు మొదలైంది. భయంలో 'మీరు' ఎక్కడో రాలిపోయింది. "ఆడపిల్లను చూసుకోను వచ్చినావా, తూకం వేసుకోను వచ్చినావా?"

"చూసి పోదామనే..."

"గిన్నె అనుకున్నావా, తట్టి చూసుకోను?"

"తట్టకముందే మోగుతున్నావు గదా" అన్నాడు. గోరు ఒకటి అతని అరచేతిలో దిగింది. నొప్పి పుట్టింది. ఆ నొప్పి పక్కన ఇంకేదో కూడా పుట్టింది గానీ, దాన్ని చూసుకునే తీరిక లేదు.

గట్టు ఎక్కడం మొదలయ్యేసరికి మంచు ఇంకా చిక్కబడింది. లింగన్న వీపు కూడా సరిగా కనబడటం లేదు. వెనక తిట్లు ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో అతను గమనించలేదు.

"కరుణాకరం గారూ..."

ఎడమ పక్క వెదురు పొదల్లోంచి. శ్రీశైలమ్మ గొంతు. సందేహం లేదు, ఆమె గొంతే.

"నా చెయ్యి జారిపోయింది. ఇక్కడున్నా. ఇటు రండి."

కరుణాకరం వీపు మీద వెంట్రుకలు లేచాయి. చేతిలో చెయ్యి అట్లాగే ఉంది. చల్లగా, గట్టిగా, మాట్లాడకుండా. ఆమె అక్కడుంటే ఇదెవరిది?

చూడకూడదు. మెడ తనంతట తనే తిరగబోతోంది. రెండో చేత్తో గడ్డం పట్టుకుని ముందుకు నిలిపాడు.

"కోపం లేదు నాకు" అంది పొదల్లోని గొంతు, తియ్యగా. "నేను ఒప్పుకుంటున్నా. రేపే మావాళ్ళకు చెప్తా. ఉద్యోగం మానేస్తా. కౌంటర్లో కూర్చుంటా. మీ అమ్మ గీసిన గీత దాటను. ఆ చెయ్యి వదిలి రండి, అంతే."

అతను ఆశపడి వచ్చిన మాటలే అన్నీ. ఒక్కటి కూడా తక్కువ కాలేదు. చేతిలోని చెయ్యి ఇంకా చల్లబడినట్టు అనిపించింది. వేళ్ళు వాటంతట అవే సడలుతున్నాయి.

అప్పుడు కరుణాకరం తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. బేరం పెట్టాడు.

"పెళ్ళయినాక ఆదివారమన్నా దుకాణంలో కూర్చుంటావా?" అని గాల్లోకి అడిగాడు.

"కూర్చుంటా" అంది ఎడమ పక్క గొంతు, అడిగిన వెంటనే.

వెనకనుంచి ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత పళ్ళ బిగువున వచ్చింది. "కూర్చోను. ఆదివారమే ఇక్కడికి జనం ఎక్కువ. ముందు చూసి నడువు."

"పోనీ పండక్కి?"

"కూర్చుంటా, ఎప్పుడైనా కూర్చుంటా..." అంది పొద.

"ఏ పండగో చెప్పు ముందు" అంది చెయ్యి.

కరుణాకరం గుండె కుదుటపడింది. చెప్పిన ధరకు చెప్పినట్టు తల ఊపేవాణ్ణి దుకాణంలో అతను ఎన్నోసార్లు చూశాడు. వాడు కొనడు, లేకపోతే చెల్లని నోటు ఇస్తాడు. నిజంగా ఇంటికి తీసుకుపోవాలనుకునే మనిషే గిన్నె అంచు తడుముతుంది, సొట్ట వెదుకుతుంది, మెట్లు దిగి మళ్ళీ ఎక్కి గొడవ పడుతుంది. అతను సడలిన వేళ్ళు బిగించాడు.

ఎడమ పక్క గొంతు ఇంకా కాసేపు వెంట వచ్చింది. ఆమె గొంతుతో, తర్వాత అమ్మ గొంతుతో, చివరకు అతని సొంత గొంతుతోనే పిలిచింది. అతను పలకలేదు. దుకాణంలో పుట్టినవాడికి అదేమీ చిన్న పని కాదు.

గట్టు అవతల ఎండ ఉంది. అడుగు పెట్టగానే పిట్టలన్నీ ఒక్కసారి కూశాయి, ఎవరో మూత తీసినట్టు.

"ఇంక వదలచ్చు" అన్నాడు లింగన్న.

ఆమె వెంటనే వదిలి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంది. "ఏం చెమటబ్బా."

"నీకూ వినబడిందా?"

"మీది కాదు" అంది. మర్యాద తిరిగి వచ్చింది. "నాకు వేరేది వినబడింది. మీ గొంతే. మీరు మాట్లాడకుండా నడుస్తానే ఉన్నారు, మీ గొంతు మాత్రం కుడి పక్కనుంచి వస్తా ఉంది."

"ఏమని?"

"చెయ్యి వదిలెయ్, పెళ్ళయినాక కూడా అడవికి పోనిస్తా, ఎవరు అడ్డం చెప్పినా నేను చూసుకుంటా అని. నమ్ముదామనే అనిపించింది. అంతలో మీరు ఆదివారం దుకాణం అని మొదలుపెట్టినారు. ఇంత పిసినారి బేరం దయ్యం ఆడదు, మనిషే అనుకున్నా."

"నా పేరు పిలిచింది నువ్వేనా మరి? నిజం చెప్పు."

"మీ ఫోటో మా హోటలు క్యాష్‌ కౌంటర్లో ఉంది. చెక్‌పోస్టులోనే గుర్తుపట్టినా. గేటు దగ్గరికి తిరిగి పోయినాక అందరి ముందు నిలబెట్టి నవ్వుదామనుకున్నా. అంతే గానీ పిలవలేదు. మా నానమ్మ మీద ఒట్టు."

లింగన్న వినబడనట్టు ముందుకు నడిచాడు.

కరుణాకరం అరచేతిలో దిగిన గోరు గాటు తుడుచుకున్నాడు. "ఆ కుడి పక్క గొంతు చెప్పింది గదా, ఆ మాట నేను చెప్తే?"

"ఊరికే చెప్తే నమ్మను."

"ఊరికే ఎందుకు చెప్తా? నువ్వు రోజూ మార్కాపురం నుంచి ఇంత పొద్దున్నే రాలేవు. శ్రీశైలం పోయే బస్సులన్నీ మీ సెంటర్లోనే ఆగుతాయి. చెంబులు, దీపపు కుందెలు అమ్మే దుకాణం అక్కడ ఒక్కటీ సరిగా లేదు. నేనే దోర్నాలకు వస్తా. పొద్దున నువ్వు అడవికి, నేను దుకాణానికి."

"కౌంటర్లో నేను కూర్చోను."

"శివరాత్రి పది రోజులు?"

"మూడు."

"అయిదు."

"మూడు. టిఫిను మా నాయన హోటలు నుంచి తెప్పించాల."

"సరే" అన్నాడు కరుణాకరం. అప్పుడు ఆమె నవ్వింది. చెక్‌పోస్టులో పెదవి వంచింది అసలు నవ్వే కాదని అతనికి అప్పుడు తెలిసింది.

మర్నాడు పెళ్ళిచూపుల్లో తండ్రి సీతారామాంజనేయులు కొడుకును హోటలు వెనక్కి పిలిచాడు.

"దోర్నాలలో దుకాణమంటావేందిరా? పిల్ల కోసం పోతున్నావా, యాపారం కోసం పోతున్నావా?"

"రెండూ ఒకే సెంటర్లో ఉన్నాయి నాయనా."

పెద్దాయన రోడ్డు మీద వరసగా ఆగిన యాత్రికుల బస్సులను చూశాడు. ఒకటి, రెండు, ఏడు దాకా లెక్కపెట్టాడు. "తాంబూలాలు పుచ్చుకుందాం పద" అన్నాడు.

ఇది జరిగి రెండేళ్లు. లెక్క చూస్తే కరుణాకరానికి మిగిలింది ఇది: దోర్నాల సెంటర్లో రెండు షట్టర్ల దుకాణం. మధ్యాహ్నానికి జుట్టులో ఆకు తునకలతో, కాళ్ళకు ఎర్రమట్టితో ఇంటికొచ్చే భార్య. రోజుకొక తగువు, వారానికొక రాజీ. ఇంకా అప్పుడప్పుడు, మంచు దిగిన పొద్దున కిటికీ అవతల అడవి వైపునుంచి ఆమె గొంతుతోనే వచ్చే మాట: "మీరు చెప్పినట్టే వింటా, ఇటు రండి."

అతను కదలడు. పక్కన పడుకున్న మనిషి దుప్పటంతా తన వైపుకు లాక్కుని, "కళ్ళు తెరిచినావు గదా, పోయి పాలు పట్టుకురా" అనే దాకా ఆగి, అప్పుడు మాత్రమే పలుకుతాడు.