ఎర్రగట్టు డ్రైవరుగారు

షెడ్డులోంచి హారన్ మోత వినపడగానే నలభైమంది పిల్లలు "వచ్చేస్తందోయ్!" అని ఒక్కసారి కేకపెట్టారు. దేవకుమారి వాళ్లను పట్టాల దగ్గర్నించి వెనక్కి లాగుతూ తలెత్తి చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది.

వస్తున్నది రైలింజనే. కాకపోతే గేదె కంటే ఓ మూర ఎత్తుంటుందేమో. ఒంటినిండా కొత్త ఆకుపచ్చ రంగు, ముందు ఒకటే లైటు, పక్కనే చిన్న పొగగొట్టం. పట్టాల మధ్య ఎడం రెండడుగులు. వెనకాల చెక్కబల్లలు బిగించిన మూడు పెట్టెలు గడగడలాడుతూ వస్తున్నాయి.

ఆమె అలా ఉండిపోయింది ఇంజన్ని చూసి కాదు, నడుపుతున్న మనిషిని చూసి.

యేసుపాదం! పదిహేను రోజుల కిందట దర్శిలో తమ ఇంటికొచ్చి, ఆమె ఇచ్చిన టీ చల్లారేదాకా పట్టుకుని కూర్చుని, వెళ్లేముందు "నాకు ఇష్టమేనండి" అని గుమ్మానికి చెప్పి పోయిన పెళ్లికొడుకు. గుంటూరు లైన్లో పెద్ద రైలు నడిపే రైల్వే డ్రైవరని, సంబంధం తెచ్చిన ప్రేమమ్మత్త చెప్పిన పెళ్లికొడుకు. మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదవాలి, మొదటిది పోయిన ఆదివారమే అయిపోయింది.

"మీరా!" అంది దేవకుమారి.

"మీరా!" అన్నాడతను. చేతిలో నూనె డబ్బా జారి కాలి మీద పడింది. అబ్బా అనడం కూడా మర్చిపోయాడు.

"టీచర్, డ్రైవరుగారు మీకు తెలుసా?" అని పిల్లలు మూగారు.

"తెలీదు," అని, ఇంజను దగ్గరికి రెండడుగులు వేసి గొంతు తగ్గించింది. "ఇదేనా మీ రైలు?"

"ఇదేనండి." అతని మొహం వెలిగిపోయింది. "బాగుందా?"

"మరి గుంటూర్లో నడిపే రైలు?"

"గుంటూరా? నేను గుంటూరు పోయేది బ్రేకు బ్లాకులు పోతపోయించుకోడానికేనండి."

"ఏమండీ, మీకు రైల్వేలో ఉద్యోగమని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. మీ పాసు మీద మద్రాసు చూపిస్తానని మా పిన్నికి మాట కూడా ఇచ్చేశాడు!"

"పాసా?" యేసుపాదం అయోమయంగా పట్టాల వంక చూశాడు. "దీనికి పాసెందుకండీ? ఈ చివర్నించి ఆ చివరికి నడిచినా అరగంటే."

దేవకుమారికి ఒళ్లు మండింది. "అంటే అబద్ధం చెప్పి పెళ్లి చేసుకుందామనుకున్నారా?"

అతను నోరు తెరిచాడు. ఈలోగా షెడ్డులోంచి తెల్లగడ్డం ఉస్మాన్ గారు కేకేశారు. "ఏరా యేసుపాదం, పిల్లలు ఎండలో మాడిపోతన్నారు. కబుర్లు తర్వాతరా!"

ఒకప్పుడు ఎర్రగట్టు మీద రాతి క్వారీ ఉండేది. ఉస్మాన్ గారు అక్కడ ఫోర్‌మన్. గట్టు మీది రాయిని కిందికి దింపింది ఈ చిన్న రైలే. క్వారీ మూతపడ్డాక ఇంజను ఇరవై ఏళ్లు సర్కారు తుమ్మల్లో పడి ఉంది. తూకానికి అమ్మేస్తారని తెలిసి పాత క్వారీ మనుషులంతా సంఘం పెట్టుకుని దాన్ని దక్కించుకున్నారు. ఎనభై ఆరో సంవత్సరం జనవరి నుంచి శనివారాలూ సెలవురోజులూ జనాన్ని ఎక్కించి తిప్పుతున్నారు. దర్శికీ అద్దంకికీ మధ్యనే కాబట్టి, పిల్లలకు చూపించుకు రమ్మని దేవకుమారిని బడివాళ్లు పంపారు. అంతే తప్ప ఇక్కడ తన పెళ్లికొడుకు ఉంటాడని ఆమెకేం తెలుసు!

ఆమె కావాలనే చివరి పెట్టెలో, ఇంజనుకు వీపు పెట్టి కూర్చుంది. ఆ పెట్టె వెనకభాగంలో బ్రేకు చక్రం దగ్గర చెంచయ్య అనే ముసలాయన నిలబడ్డాడు. రైలు కదిలింది. రెండువైపులా కళ్లాల్లో ఎండబెట్టిన మిరపకాయలు నేలంతా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. పిల్లలు తుమ్ముతూ నవ్వుతున్నారు. దేవకుమారి మాత్రం నాన్నకి ఎలా చెప్పాలా అని మథనపడుతోంది. పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర మేస్త్రీ ఆయన. "మా అల్లుడు రైల్వే" అని ఈ పదిహేను రోజుల్లో ఎంతమందికి చెప్పాడో!

గట్టెక్కడం బాగానే ఎక్కారు. పైన గుండ్రంగా వేసిన పట్టాల మీద రైలు మొత్తం చుట్టు తిరిగి దిగడం మొదలుపెట్టింది. సగం దిగాక హారన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది.

దేవకుమారి వెనక్కి తిరిగి చూసింది. కింద బండ్లదారి పట్టాలకు అడ్డంగా దాటేచోట పత్తి కూరిన పెద్ద గోనెబోరేలు నింపిన ఎడ్లబండి ఆగిపోయి ఉంది. చక్రం పట్టా పక్కన దిగబడింది. బండివాడు ఎడ్లను అదిలిస్తున్నాడు. బండి కదలడం లేదు.

"చెంచయ్యా, బిగించు!" యేసుపాదం అరుపు.

ముసలాయన చక్రం పట్టుకుని ఊగిపోతున్నాడు. "రావట్లేదురా నాయనా!"

దేవకుమారి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. బల్లల మీంచి దాటి వెళ్లి, చెంచయ్య చేతుల పక్కన తన చేతులు వేసి ఆ ఇనుప చక్రాన్ని బలమంతా పెట్టి తిప్పింది. ఒక చుట్టు. ఇంకొక చుట్టు. కింద చక్రాలు కీచుమన్నాయి. పిల్లలు ఒకరిమీదొకరు పడ్డారు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

కుదుపు. ఆ తర్వాత నిశ్శబ్దం.

కళ్లు తెరిచి చూస్తే బండికీ ఇంజనుకీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది. బండివాడెప్పుడో పక్కకు దూకేశాడు. యేసుపాదం మాత్రం తన చోటులోనే, రెండు చేతులతో బ్రేకు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"వేగంగా ఏం రాలేదు కదా చెంచయ్యగారూ, ఇంత కష్టమెందుకైంది?" అంది.

"రైలు చిన్నదేనమ్మా, బరువు చిన్నది కాదు," అని ఆయన బల్ల మీద కూలబడ్డాడు. "యేసుపాదం దూకేసుంటే వాడికి దెబ్బ తగిలేది కాదు. మనకే తగిలేది."

యేసుపాదం దిగి పరిగెత్తుకొచ్చాడు. ఇంజన్ని చూళ్లేదు, ఆమెనీ చూళ్లేదు. ఒక్కొక్క పిల్లనీ పిల్లాణ్నీ తాకి, "దెబ్బ తగిలిందా అమ్మా? నీకు? నీకు?" అని అడుగుతూ చివరిదాకా వచ్చాడు. ఒక పిల్లకి మోచెయ్యి గీరుకుంది, అంతే. అప్పుడు ఆమె ముందు ఆగాడు.

"మీకు?"

ఆమె అరచేతులు చూపించింది. ఎర్రగా కందిపోయాయి. అతను మెడలో గుడ్డ తీసి ఇవ్వబోయి, అది నిండా నూనె అని గుర్తొచ్చి మళ్లీ మెడలో వేసుకున్నాడు. దేవకుమారికి ఆ పరిస్థితిలో నవ్వొచ్చింది.

ఊళ్లోవాళ్లు వచ్చి బండిని లేపేదాకా పిల్లల్ని కానుగచెట్ల నీడన కూర్చోబెట్టారు. ఆమె ఇంజను దగ్గరికి వెళ్లి నిలబడింది. వేడివేడిగా డీజిలు వాసన కొడుతోంది.

"దీన్ని ఎవరు బాగుచేశారు?"

"నేనేనండి. ఉస్మాన్ గారు చెప్పారు, నేను చేశాను. మూడేళ్లు పట్టింది. తుమ్మల్లోంచి లాగినప్పుడు లోపల పాములున్నాయి. పిస్టన్లు తుప్పుతో అతుక్కుపోయి కదల్లేదు. రోజూ కిరసనాయిలు పోసి నానబెడితే నలభయ్యో రోజున కదిలినయ్యి. ఆరోజు నేను అన్నం తిన్లేదండి, సంతోషంతో." ఇంజను ముందువైపు చేత్తో తట్టి, "రేడియేటరు మాత్రం లారీది. అది దీని సొంతం కాదు. దాచడమెందుకు," అన్నాడు.

రేడియేటరు సంగతి కూడా దాచలేని మనిషి ఉద్యోగం గురించి అబద్ధమాడతాడా? దేవకుమారి అతని మొహంలోకి చూసింది.

అతను తల గోక్కున్నాడు. "ఒకటడగొచ్చా? మీరు గవర్నమెంటు హైస్కూల్లో బి.ఇడి. టీచరు కదా. మరి ఇంత చిన్నపిల్లల్ని తీసుకొచ్చారేంటండీ?"

"నేనా? బి.ఇడి.నా? ఎవరు చెప్పారు?"

"ప్రేమమ్మత్త."

"నేను మిషన్ స్కూల్లో మూడో తరగతికి చెప్తానండీ! ట్రైనింగు అయింది, అంతే. డిగ్రీ కూడా లేదు!"

సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగే ప్రేమమ్మత్త ఇటు ఒకటి, అటు ఒకటి చెప్పి సంబంధం కుదిర్చేసింది.

"పెళ్లిచూపుల్లో నన్నే అడిగుండొచ్చుగా?" అంది.

"అడుగుదామనే వచ్చానండి. మీరు టీ ఇచ్చాక ఏం అడగాలో మర్చిపోయాను."

ఆమె చెంపలు వేడెక్కాయి. "నాన్నకి ఈరోజే చెప్తాను."

"ఆయన వద్దంటే?" అన్నాడతను. "సరే, ఆయన సంగతి తర్వాత. మీకు ఇష్టమేనా?"

"రైలు ఆగేదాకా లేదు."

"ఇప్పుడు?"

"పిల్లలు వింటున్నారు," అని ఆమె గబగబా వెళ్లిపోయింది.

చెప్తానన్నది గానీ చెప్పలేకపోయింది. సాయంత్రం ఇంటికి చేరేసరికి తండ్రి జక్రయ్య మర్నాడు చర్చికి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, పక్కింటాయనతో "మా అల్లుడి ఇంజను వంద మైళ్ల స్పీడంట" అంటున్నాడు. ఆమె రెండుసార్లు "నాన్నా" అని పిలిచింది. ఆయన "ఏమ్మా?" అనగానే మంచినీళ్లు కావాలా అని అడిగి లోపలికెళ్లింది.

ఆదివారం ఆరాధన చివర్లో పాస్టరు అయ్యగారు కాగితం తీశారు.

"దర్శి కాపురస్థులు జక్రయ్యగారి కుమార్తె దేవకుమారికిని, అద్దంకి కాపురస్థుడు, రైల్వే శాఖలో డ్రైవరు అయిన యేసుపాదమునకును పరిశుద్ధ వివాహము జరుగనైయున్నది. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది రెండవ ప్రకటన."

"నాకుందండీ," అన్నారెవరో.

మగవాళ్ల వైపు చివరి చాపమీద పెళ్లికొడుకే లేచి నిలబడ్డాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చెంపల మీద నీటిచారలు. చర్చిలో చంటిపిల్లల ఏడుపు కూడా ఆగిపోయింది. దేవకుమారికి కింద చాప జారిపోతున్నట్టయింది. నిన్న అంత మాట్లాడి, ఇప్పుడు అందరి ముందూ నన్ను వద్దంటాడా?

"అయ్యగారూ, ప్రకటనలో తప్పుంది. నేను రైల్వేలో డ్రైవర్ని కాదు. ఎర్రగట్టు మీద చిన్నరైలు నడుపుతాను. దాన్ని బాగుచేసిన మెకానిక్కుని కూడా నేనే. పెద్ద రైలు నేనెప్పుడూ నడపలేదు. అబద్ధం మీద ఆ అమ్మాయిని చేసుకోను. నిజం మీద ఇస్తే చేసుకుంటాను."

జక్రయ్య మొహం పాలిపోయింది. జనమంతా గుసగుస. ఆయన లేవబోయేలోగా ఆడవాళ్ల వైపు దేవకుమారి లేచింది. తను ఇంతమంది ముందు నోరు విప్పుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"నాకూ అభ్యంతరం ఉందండీ. వాళ్లకి నేను బి.ఇడి. అని చెప్పారు. కాదు. మూడో తరగతి టీచర్ని. ఆయనకి ఆ సంగతి నిన్ననే తెలిసింది. తెలిసీ ఈరోజు వచ్చారు."

ఇంక తలలన్నీ ప్రేమమ్మ వైపు తిరిగాయి. ఆమె పైట సర్దుకుంది. "రైలు నడుపుతాడన్నాను. నడుపుతున్నాడా లేదా? బళ్లో చెప్తుందన్నాను. చెప్తందా లేదా? మధ్యలో ఆ గుంటూరూ, బి.ఇడి.యూ నోటికి ఎట్టా వచ్చినయ్యో నాకే తెలవదు అయ్యగారూ."

ఎవరో కిసుక్కున నవ్వారు. జక్రయ్య నవ్వలేదు. లేచి వెళ్లి యేసుపాదం ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ ఇంజను ఇరవై ఏళ్లు తుమ్మల్లో పడుంది. చిన్నప్పుడు దాని వెనకాల పరిగెత్తినోణ్ని నేను. అది మళ్లీ తిరుగుతుందని ఎవరన్నా చెబితే నేను నమ్మలా. దాన్ని తిప్పింది నువ్వా?"

"నేనేనండి."

"నిన్న మా అమ్మాయి చేతులు కందిపోయొచ్చినయ్యి. అడిగితే చెప్పలేదు. దానివల్లేనా?"

"అవునండి. ఆమె బ్రేకు తిప్పబట్టే పిల్లలంతా క్షేమంగా ఇంటికెళ్లారు." అతను తల దించుకున్నాడు. "తప్పు నాదేనండి. వెనకబ్రేకు అంత గట్టిగా ఉండకూడదు. రాత్రే విప్పి గ్రీజు పెట్టాను."

జక్రయ్య కూతురి వైపు చూశాడు. ఆమె తల దించలేదు. తన కూతురు తనకేసి అంత సూటిగా చూడటం ఆయనకు అదే మొదటిసారి.

"అయ్యగారూ," అన్నాడు, అటు తిరిగి. "ఆ ప్రకటన ఇంకోసారి చదవండి. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదవండి."

అయ్యగారు కలం తీసి ఒక మాట కొట్టేసి, ఇంకో మాట రాసుకుని, మళ్లీ మొదటినుంచి చదివారు. "ఎర్రగట్టు చిన్నరైలు డ్రైవరు" అన్నచోట పిల్లలు వెనకనుంచి చప్పట్లు కొట్టారు. ఈసారి ఎవ్వరూ లేవలేదు.

చర్చి బయట, జనం ప్రేమమ్మ చుట్టూ మూగి ఉండగా, దేవకుమారి నీళ్లచెంబు పట్టుకుని అతని దగ్గరికొచ్చింది.

"ముందు మొహం కడుక్కోండి. కళ్లేంటి అలా ఉన్నాయి?"

"పొద్దున్నే బస్సు తప్పిపోయిందండి. మిరపకాయల లారీ మీద బస్తాలెక్కి కూర్చునొచ్చాను."

"అదా! ఏడ్చారేమో అనుకున్నా."

యేసుపాదం మొహం మీద నీళ్లు కొట్టుకుని, చొక్కా చేతికి తుడుచుకున్నాడు.

"అదీ కొంచెం ఉందిలెండి," అన్నాడు.