ఒకే ఒక్క శ్రోత

"మీ ట్యూన్ మోగిందంటే ప్రొఫెసర్ ప్రాణం పోతుంది."

హెడ్‌ఫోన్‌లో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. నాలుగు కావస్తోంది.

"కాలేజీ ఆడిటోరియంలో వేదిక కింద బాంబు. మీ రేడియోలో నాలుగ్గంటల ప్రోగ్రాం సిగ్నేచర్ ట్యూన్ వినగానే పేలుతుంది. జనాన్ని లేపితే ఆ అదురుకే పేలొచ్చు. స్క్వాడ్ కిందికి దూరింది."

"ట్రాన్స్‌మిటర్ కట్టేస్తే?"

"అప్పుడూ పేలొచ్చు. ఆన్‌లోనే ఉంచు. శబ్దం మాత్రం వద్దు. ఇంకోటి, ముఠాకి మన గుట్టు అమ్మింది మన మనిషే."

శబ్దం వద్దట! మైకు వెనక గోడ మీద ఇంతింత అక్షరాలు: "నిశ్శబ్దం నేరం."

విదేశీ ముఠా కాలేజీలో ఆ ప్రొఫెసర్ ల్యాబ్ మీద కన్నేసిందని డిపార్ట్‌మెంట్ అతన్ని ఈ బుల్లి స్టేషన్‌లో అనౌన్సర్‌గా పెట్టింది. ఊరికి అతను 'మావయ్య'. ఊరంటే ఎవరో, వింటున్నారో లేదో, దేవుడికే తెలియాలి. కుర్రకారు చెవుల్లో వేరే పాటలు. రెండేళ్లుగా గోడకి కబుర్లు చెప్పినట్టే ఉంది బతుకు.

తోడంటూ ఉన్నది ఒక్క 'తేనెగొంతు'. పక్క ఊరి స్టేషన్‌లో అనౌన్సర్, ఆమె కూడా డిపార్ట్‌మెంట్ మనిషే. నల్లకళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్, నడిచొస్తే వీధి తిరిగి చూసేది. రోజూ ఫోన్ చేసేది: "మావయ్యా, ఇవాళ మూడుసార్లు దగ్గావు. మందేసుకో." ఆ మాట కోసమే అతను రోజంతా మాట్లాడేవాడు.

నాలుగు కొట్టింది. ట్యూన్ వెయ్యలేదు. మైకు తెరవలేదు.

ఒక్క ఫోనైనా రాలేదు. ఇంత పెద్ద ఊళ్లో ఒక్కరికీ పట్టలేదా అని అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది.

"మావయ్యా! ట్యూనేదీ? ఏమీ వినబడట్లేదు!"

తేనెగొంతే. అనౌన్సర్‌కి గాల్లో నిశ్శబ్దమంటే గుండె ఆగినంత పని.

"ఎక్కడున్నావు?"

"మా స్టూడియోలో. ముందు ట్యూన్ వెయ్యి!"

ఆమె వెనక చప్పట్లు. ఎవరో మైకులో అంటున్నారు, "ఇప్పుడు మన ప్రొఫెసర్ గారు..."

అతని ప్రాణం ఉసూరుమంది. గుట్టు అమ్మింది ఈమే; నోరు మూసుకోవాల్సింది, అనౌన్సర్ అలవాటు ఊరుకోనివ్వలేదు పాపం. గోటితో ఇయర్‌పీస్ మీద కోడ్ కొట్టాడు: హాలు దగ్గర. తేనెగొంతు.

"ఇంకాసేపు మాట్లాడు," అన్నాడు. ఆమెని ఆపడానికే అన్నా, అబద్ధం కాదు.

"తర్వాత మాట్లాడదాం, ముందు..."

తలుపు బద్దలైనట్టు తెరుచుకుంది. టీకి వెళ్లిన టెక్నీషియన్! "కొంప మునిగింది! గాలి ఖాళీగా పోతోంది!" అంటూ ట్యూన్ బటన్ మీదికి దూకాడు. మావయ్య రిసీవర్ వదిలేసి ఆ మణికట్టు పట్టుకున్నాడు. వేలికీ బటన్‌కీ మధ్య చీమ పట్టేంత సందు.

"వదలండి సార్, నా ఉద్యోగం పోతుంది!"

ఇయర్‌పీస్‌లో: "బాంబు వైరు కోసేశారు. ప్రొఫెసర్ క్షేమం. ఆమె దొరికింది."

అతను చెయ్యి వదిలాడు. ట్యూన్ మోగింది, హాయిగా, ఏ పాపమూ ఎరగనట్టు.

"శభాష్," అన్నాడు చీఫ్. "అంతసేపు రేడియో మూగబోయిందే, శ్రోతలెవరైనా గొడవ చేశారా?"

"ఉన్నది ఒక్కతే సార్," అన్నాడు మావయ్య. "ఆవిణ్ణి ఇప్పుడే మీరు పట్టుకుపోయారు."