ఈ సైట్‌కు అనుమతి లేదు

"ఏవండీ, నా పాట ఎందుకు ఆపేశారు?"

సర్వర్ రూమ్ గుమ్మంలో నిలబడి అడిగిన మనిషి వైపు మానస తల కూడా తిప్పలేదు. పొద్దుటి నుంచి అందరిదీ ఇదే గోల. పంజగుట్టలోని ఆ డయాగ్నస్టిక్ సెంటర్‌లో కింది కౌంటర్లలో ఉన్న కంప్యూటర్లన్నీ ఉమ్మడివి. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు కూర్చుంటారు. పేషెంట్ల రిపోర్టులు ఉండే ఆ కంప్యూటర్లలోనే చీరల సేల్, సీరియళ్లు, క్రికెట్టు అన్నీ నడిచేవి. కొత్తగా చేరిన మానస పనికొచ్చే సైట్లు తప్ప మిగతావన్నీ మూసేసింది. ఇప్పుడు ఏది తెరవబోయినా తెర మీద ఒకటే మాట: "ఈ సైట్‌కు అనుమతి లేదు. అవసరమైతే పై అంతస్తులో మానసను అడగండి."

"ఏం పాట?" అంది మానస.

"ఏనుగు పాటండీ."

అప్పుడు తిప్పింది తల. శాంపిల్ కౌంటర్‌లో రక్తం తీసే కేదార్. కాకినాడ కుర్రాడు, బుద్ధిగా దువ్విన తల.

"ఓహో, మీరేనా! ఎవరు ఏం తెరిచినా నాకు ఈడ కనబడ్తది. మీ కౌంటర్ల రోజంతా పిల్లల పాటలే. ఏనుగు, కుందేలు, తాబేలు. ఇంత పెద్దగైనవ్, జర వార్తలన్న చూడరాదా కేదారన్నా?"

"ఎగతాళి చేసుకోండి, పర్లేదు. అన్న మాత్రం వద్దండీ."

"హైదరాబాద్‌ల అందరు అన్నలే."

"అందరి సంగతీ నాకెందుకండీ?" అని, చెవులు ఎర్రబడుతుండగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. పాట దేనికో మాత్రం చెప్పలేదు. కోపమొస్తే కారణం చెప్పడం నామోషీ అనుకునే బాపతు.

మాటకు మాట అప్పజెప్పానని మానస తెగ సంబరపడింది. ఆ సంబరం శనివారం దాకే నిలిచింది. యజమాని హనుమత్ప్రసాద్ గారు పిలిపించి, స్టాఫ్ అంతా సంతకాలు పెట్టిన ఫిర్యాదు చూపించారు. మొదటి సంతకం కేదార్‌దే.

"తెలివైన పిల్లవే, కాదనను. కానీ సోమవారం కల్లా ఈ గొడవ సద్దుమణగాలి. లేదంటే ఆ బ్లాకులన్నీ తీసేయ్. అవి తీసేశాక నీకిక్కడ పనేముంటుందో కూడా ఆలోచించాల్సొస్తుందమ్మా."

"సార్, నేను రాకముందు ఎవరో ఫ్రీ మొబైల్ అంటే నొక్కిన్రు. రిపోర్టులన్ని ఆగిపోయినయ్. పేషెంట్లు గేటు కాడ లొల్లి పెట్టిన్రు. అందుకే గద నన్ను తీసుకున్నరు?"

"నిజమేననుకో. పోనీ ఆ రిసెప్షన్‌లో నా షేర్ మార్కెట్ ఒక్కటైనా తెరువు."

"మీ షేర్లు సుత వద్దు సార్. ఫోన్ల చూసుకోండి."

"సోమవారం," అన్నారాయన మళ్లీ, ఫిర్యాదు మీద వేలితో తట్టి.

బయటికొచ్చాక మానసకు ఇల్లు గుర్తొచ్చింది. తండ్రి ఐలయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్. అమీర్‌పేట హాస్టల్‌లో ఇరుకు గదిలో ఉండి ఈ విద్య నేర్చుకుంది. "నా బిడ్డ దాటనియ్యంది ఆ కంప్యూటర్లల్లకు ఈగ సుత పోదు" అని ఆయన డిపో అంతా చెప్పుకుంటాడు. ఉద్యోగం పోతే ఆయనకు ఏమని చెప్పాలి? అలాగని రూలు వదిలేసి ఉద్యోగం నిలుపుకుంటే, ఆయన చెప్పుకునే ఆ బిడ్డ ఇంకెక్కడుంటుంది?

ముందు ఆ మొదటి సంతకం వాణ్ని కడిగేద్దామని కిందికి దిగింది. శాంపిల్ గదిలోంచి చంటిపిల్ల ఏడుపు చెవులు చిల్లులు పొడుస్తోంది. తలుపు తోసి, అక్కడే ఆగిపోయింది.

కేదార్ నేల మీద గొంతుక్కూర్చుని, చేతికి కట్టే రబ్బరు పట్టీని ముక్కు దగ్గర తొండంలా ఊపుతూ, బొంగురు గొంతుతో ఏనుగు పాట పాడుతున్నాడు. రాగం లేదు, తాళం లేదు. పిల్ల ఆ తొండం వంక వింతగా చూస్తూ ఏడుపు మరిచిపోయింది. ఆ కాస్త సందులోనే అతను సూది పని ముగించేశాడు.

"పాట పెడితేగానీ పిల్లలు చెయ్యివ్వరమ్మా," అంది రిసెప్షన్ కమలకుమారి. "నువ్వు ఆపేసిన కాడ్నుంచి తనే పాడుతున్నాడు. పాపం, గొంతు పోయింది."

మానసకు గుండె చివుక్కుమంది. "ముందే చెప్పొచ్చు గద!" అంది కేదార్‌తో.

"తాబేలు, కుందేలు అని మీరు నవ్వుతుంటే ఎలా చెప్పనండీ?"

"నవ్వుడు నాదే తప్పు. కానీ సైట్ తెరువ. ఒకరికి తెరిస్తే అందరికి తెరువాలె." ఒక్క క్షణం ఆలోచించింది. "తెరువకుండనే పాట తెస్త. రేపు ఆదివారం, రా. ఆ తొండం మర్చిపోకు."

ఆదివారం ఖాళీ హాల్లో, అద్దాల మీద వాన దరువేస్తుంటే, కేదార్ ఏనుగయ్యాడు. కమలకుమారి కుందేలు. మానస ఫోన్‌లో వీడియో తీస్తూ, నవ్వాపుకోలేక మూడుసార్లు మళ్లీ తీసింది. స్టోర్ రూమ్‌లో మూలబడ్డ పాత కంప్యూటర్ దుమ్ము దులిపి, నెట్ వైరు లేకుండా శాంపిల్ గదిలో పెట్టి, పాటలన్నీ అందులో ఎక్కించింది. రూలు చెక్కుచెదరలేదు.

సాయంత్రం మెట్రో పిల్లర్ల కింద అమీర్‌పేట దాకా ఒకే గొడుగులో నడిచారు. గొడుగు ఎక్కువగా మానస మీదే ఉంది, కేదార్ భుజం పూర్తిగా తడిసింది.

"సారడిగినా తెరవలేదటగా. అది వినగానే భలే గర్వంగా అనిపించిందండీ. మీరు నాకేమవుతారని ఆ గర్వమో తెలీలేదు గానీ."

మానస గొడుగును అతని తడిసిన భుజం వైపు కాస్త వంచింది.

సోమవారం ఏనుగును చూసి పిల్లలు కిలకిలమన్నారు. కేదార్ ఫిర్యాదులో తన సంతకం తనే కొట్టేశాడు. అతని వెనకే మిగతావాళ్లూ. "నీ ఉద్యోగం పర్మనెంట్," అన్నారు హనుమత్ప్రసాద్ గారు. "నా షేర్ల సంగతి మాత్రం మర్చిపోను."

బుధవారం మధ్యాహ్నం మానస తెర మీద, ఎవరో తెరవబోయి ఆగిపోయిన సైట్ పేరు ఒకటి మెరిసింది. శాంపిల్ కౌంటర్ నుంచి. లోకంలో ఎక్కడా లేని సైట్ అది: 'చాయ్‌కి వస్తారా మానస గారూ డాట్ కామ్'.

వేళ్లు కీబోర్డు మీద కాసేపు తచ్చాడాయి. తర్వాత ఆ కౌంటర్‌కు మాత్రం తెర మీది మాట మార్చింది: "అనుమతి ఉంది. ఐదింటికి, కింద గేటు దగ్గర."

ఆ కంప్యూటర్ ఉమ్మడిదన్న సంగతి, ఆ మాట పదేపదే చెప్పే మానసకే ఆ క్షణాన గుర్తురాలేదు. ఐదింటికి కిందికి దిగేసరికి కౌంటర్ చుట్టూ స్టాఫంతా గుమిగూడి ఉంది. అందరికంటే ముందు, కళ్లజోడు సవరించుకుంటూ యజమాని. పక్కన కేదార్, మొహం జేవురించి.

"ఇదేంటమ్మా! నాకివ్వని పర్మిషన్ కేదార్‌కి ఇచ్చావేంటి?"

అందరూ మానస వంక చూశారు. ఆమె తల దించలేదు.

"ఇది ఆఫీసు నెట్ కాదు సార్. నా సొంతం."

హాలంతా గొల్లుమంది. హనుమత్ప్రసాద్ గారు అందరికంటే గట్టిగా నవ్వారు. మానస గొడుగు తీసి కేదార్ చేతికిచ్చింది.

"పోదాం పా, కేదార్," అంది. అన్న అనలేదు.